ముందు పిల్లలు, తర్వాతే మఠం

ఫాదర్ గారికి, సిస్టర్లకు, తోటి టీచర్లకు, పిల్లల్ని వెంటబెట్టుకుని వచ్చిన తల్లులందరికీ నమస్కారం.

ఈ రోజు జనవరి 4. పునీత ఎలిజబెత్ ఆన్ సీటన్ పండుగ. మన విచారణల్లో, అంటే పారిష్‌లలో, ఈమె పేరు పెద్దగా వినపడదు. అంతోని వారి గురించి, చిన్న తెరేజమ్మ గురించి మన పిల్లలు కూడా చెప్పగలరు. ఐదుగురు పిల్లల్ని కని, పెంచి, బడి నడిపి, అమెరికా గడ్డ మీద పుట్టిన వాళ్ళలో మొట్టమొదట పునీతురాలైన ఈ తల్లి గురించి మాత్రం మనలో చాలామందికి తెలియదు. టీచర్లమైన మనం ఆమెను తెలుసుకోవాలని నాకు గట్టి కోరిక.

ఎలిజబెత్ 1774లో న్యూయార్క్‌లో పుట్టింది. మూడేళ్ళకే తల్లి పోయింది. తండ్రి రిచర్డ్ బేలీ పేరున్న డాక్టరు, తర్వాత న్యూయార్క్ రేవుకు ఆరోగ్యాధికారి అయ్యాడు. ఓడల్లో జబ్బుతో వచ్చిన వాళ్ళను ఊళ్ళోకి రానీయకుండా క్వారంటైన్‌లో ఉంచి చూసుకోవడం ఆయన పని. 1801 వేసవిలో ఐర్లండు నుంచి వలస వచ్చిన జనం జ్వరాలతో, ఆకలితో అక్కడ దిగారు. తల్లుల దగ్గర పాలు లేక పసిబిడ్డలు చనిపోతున్నారు. అప్పటికి ఎలిజబెత్ ఒళ్ళో ఏడాది కూతురు కేథరిన్ ఉంది. నా బిడ్డకు పాలు మాన్పించి వీళ్ళకు పడతానని తండ్రిని బతిమాలింది. ఆయన ఒప్పుకోలేదు, నీ పాల మీద మొదటి హక్కు నీ బిడ్డది అన్నాడు. కొద్ది రోజులకే ఆ రోగుల దగ్గరే జ్వరం అంటుకుని ఆయనా కన్నుమూశాడు. ఆ 'మొదటి హక్కు' అన్న మాటను కాస్త గుర్తుంచుకోండి.

పంతొమ్మిదేళ్ళకు విలియం సీటన్ అనే వ్యాపారితో పెళ్ళైంది. సిరిగల కుటుంబం. వాళ్ళు కతోలికులు కారు, ఎపిస్కోపల్ అనే ప్రొటెస్టెంట్ సంఘానికి చెందినవాళ్ళు. చిన్నపిల్లలున్న పేద వితంతువులకు సాయం చేయడానికి 1797లో న్యూయార్క్‌లో ఆడవాళ్ళు ఒక సంఘం పెట్టుకుంటే, దాని డబ్బు లెక్కలు ఎలిజబెత్ చూసింది. ఆ తర్వాత భర్త వ్యాపారం దివాలా తీసింది. ఆయనకు క్షయ ముదిరింది. గాలి మార్పు కోసం 1803లో ఇటలీకి ఓడెక్కారు. నలుగురు పిల్లల్ని బంధువుల దగ్గర వదిలి, ఎనిమిదేళ్ళ పెద్దమ్మాయి ఆనా మరియను మాత్రం తీసుకెళ్ళారు. లివోర్నో రేవులో దిగగానే, న్యూయార్క్‌లో పచ్చజ్వరం ఉందని తెలిసి అధికారులు వాళ్ళను క్వారంటైన్‌లో పెట్టారు. క్వారంటైన్ అధికారి కూతురు ఆమె. నెల రోజులు చలిగదిలో, రాతి నేల మీద, రక్తం కక్కుతున్న భర్త పక్కన గడిపింది. చలికి తట్టుకోలేక కూతురు తాడాట ఆడేదని ఆమె డైరీలో ఉంది. విడుదలైన వారానికి, డిసెంబరు 27న, పీసా నగరంలో విలియం చనిపోయాడు. ఆమెకు ఇరవై తొమ్మిదేళ్ళు. వితంతువుల సంఘం లెక్కలు చూసిన మనిషే పిల్లలతో, చేతిలో డబ్బు లేని వితంతువైంది.

ఇటలీలో ఆమెను ఆదుకున్నది ఫిలిక్కి అన్నదమ్ముల కుటుంబం. వాళ్ళతో పూజకు వెళ్ళింది. పూజలో పంచే అప్పంలో, అంటే దివ్యసత్ప్రసాదంలో, క్రీస్తు నిజంగా ఉన్నాడని వాళ్ళు నమ్మే తీరు ఆమెను కదిలించింది. తల్లి లేని పిల్లగా పెరిగిన ఆమెకు మరియమాతను తల్లీ అని పిలవడంలో ఎంత ఊరట దొరికిందో నేను ఊహించగలను.

ఊరికి తిరిగి వచ్చాక చాలా నెలలు తర్జనభర్జన పడింది. పాత గుడిలో కూర్చున్నప్పుడు, పక్క వీధిలో కతోలిక గుడి ఉన్న వైపుకు ముఖం తిప్పుకుని అక్కడి సత్ప్రసాదంతో మాట్లాడుకునేదట. ఈ సంగతి ఆమే ఒక ఉత్తరంలో రాసుకుంది. 1805 మార్చి 14న బార్క్లే వీధిలోని పునీత పేతురు గుడిలో కతోలిక సభలో చేరింది. ఆ రోజుల్లో అది ఐరిష్ కూలీల గుడి. పెద్దింటి కోడలు వాళ్ళ మధ్య మోకరించడం బంధువులకు నచ్చలేదు. చాలా ఇళ్ళ తలుపులు మూసుకున్నాయి.

మరి పిల్లలకు తిండి ఎలా? అప్పుడు మొదలైంది ఆమె టీచరు జీవితం. ఒక బడి పెట్టే ప్రయత్నం సాగలేదు. బడికి వెళ్ళే కుర్రాళ్ళకు ఇంట్లో బస, భోజనం పెట్టి కొంతకాలం నెట్టుకొచ్చింది. బోధన ఆమెకు ముందు బతుకుతెరువు. దీన్ని తక్కువగా చూడకండి. ఇక్కడున్న మనలో ఎంతమంది ఇంటి అవసరం కోసం ఈ ఉద్యోగంలోకి వచ్చి, తర్వాత దాన్ని ప్రాణంగా ప్రేమించలేదు?

1808లో ఫాదర్ దుబూర్గ్ పిలుపుతో బాల్టిమోర్ వెళ్ళి పాకా వీధిలో ఆడపిల్లల బడి మొదలుపెట్టింది. మరుసటి ఏడు మేరీలాండ్ కొండల దగ్గర ఎమిట్స్‌బర్గ్ అనే పల్లెకు చేరింది. 1809 జూలై 31న అక్కడ సిస్టర్స్ ఆఫ్ చారిటీ అనే సిస్టర్ల సభ పుట్టింది, దానికి పెద్ద ఆమే. ఆ మొదటి ఇల్లు ఇరుకు, పైకప్పు సందుల్లోంచి మంచు లోపల పడేది. కాఫీ గింజలకు డబ్బు లేక క్యారెట్‌తో కాఫీ కాచుకున్నారు. 1810 ఫిబ్రవరి 22న ఊళ్ళో పేద ఆడపిల్లలకు ఉచిత బడి తెరిచారు. తర్వాత ఫీజు కట్టగలిగిన వాళ్ళు హాస్టల్లో చేరారు. ఆ ఫీజులతో పేద పిల్లల చదువు నడిచింది.

ఇక నాకు అన్నిటికంటే ముఖ్యమైన విషయం. ఫ్రాన్సులో పునీత విన్సెంట్ డి పాల్ సభకు ఉన్న నియమావళిని వీళ్ళూ తీసుకోవాలనుకున్నారు. మఠంలో చేరిన తల్లి పిల్లల బాధ్యత ఏమవుతుందనేది పెద్ద ప్రశ్న అయింది. మదర్ సీటన్ తడబడలేదు. నా పిల్లల హక్కు ముందుది, దాన్ని ఎవరూ కదపలేరు అని తేల్చి రాసింది. సభ పెద్దగా ఉండడమా, తల్లిగా ఉండడమా అని తేల్చుకోవాల్సి వస్తే తల్లిగానే ఉంటానంది. చివరికి మారింది నియమం. అగ్రపీఠాధిపతి (ఆర్చ్‌బిషప్) జాన్ కారొల్ 1812లో ఆమోదించిన నియమావళిలో, పిల్లల సంరక్షణ ఆమె చేతిలోనే ఉండేలా వెసులుబాటు ఇచ్చారు. భక్తి పేరుతో ఇంటిని మరిచిపొమ్మని గాని, ఇంటి పేరుతో భక్తిని పక్కన పెట్టమని గాని మన ఆడవాళ్ళకు చెప్పేవాళ్ళు ఈ సంగతి తెలుసుకోవాలి.

అదే ఏడాది మార్చిలో ఆనా మరియ క్షయతో పోయింది. పదహారేళ్ళు. లివోర్నో గదిలో తాడాట ఆడిన పిల్ల. నెలల తరబడి ఆ తల్లి కోలుకోలేదు. దేవుని మీద నమ్మకం ఉంటే దుఃఖం ఉండదని ఎవరైనా అంటే ఆమె ఉత్తరాలు చదవమనండి. 1816లో చిన్న కూతురు రెబెక్కా కూడా తల్లి చేతుల్లోనే పోయింది. కొడుకులిద్దరి గురించి బెంగ వేరు. విలియం నౌకాదళంలో చేరాడు. రిచర్డ్ ఏ పనిలోనూ కుదురుకోలేదు. దారి తప్పుతున్న కొడుకు కోసం రాత్రుళ్ళు జపమాల పట్టుకున్న తల్లులు ఇక్కడ ఉంటే, మీరు ప్రార్థించడానికి తగిన పునీతురాలు ఈమె.

ఇంత దుఃఖంలోనూ బడి ఆగలేదు. తరగతి తరగతికీ తిరిగి పిల్లల్ని పలకరించేది. మిమ్మల్ని మంచి సిస్టర్లుగా చేయడానికి నేను రాలేదు, మీరు బతకబోయే లోకానికి తగ్గట్టు, మంచి తల్లులయ్యేట్టు తీర్చిదిద్దాలని వచ్చాను అని వాళ్ళతో చెప్పేదని ఆమె జీవితచరిత్రలో ఉంది. ఒక మఠం పెద్ద నోట ఈ మాట రావడం నాకెంతో సంతోషం.

1821 జనవరి 4న, నలభై ఆరేళ్ళకు ఆమె కన్నుమూసింది. తిరుసభ బిడ్డలుగా ఉండండి అని చివరి రోజుల్లో సిస్టర్లకు చెప్పింది. 1975 సెప్టెంబరు 14న ఆరవ పౌలు పోపుగారు ఆమెను పునీతురాలిగా ప్రకటించారు.

పాల మీద మొదటి హక్కు ఉన్న ఆ కేథరిన్ ఏమైందని అడుగుతారేమో. తల్లి పోయాక ఆమె న్యూయార్క్‌లో సిస్టర్స్ ఆఫ్ మెర్సీ సభలో చేరింది. ఎన్నో ఏళ్ళు జైళ్ళకు వెళ్ళి ఖైదీలను చూసుకుంది. 1891లో, తొంభై ఏళ్ళ వయసులో చనిపోయింది. ఓపిగ్గా విన్నందుకు అందరికీ కృతజ్ఞతలు.