ఊడ్పులకు ముందు చేలో సూర్యోదయం: నీళ్లలో నీడను ఫోటో తీయడం ఎలా?

దృశ్యం: ఇంకా చీకటి. దమ్ము చేసిన, అంటే నీళ్లు పెట్టి బురదగా దున్నిన వరి చేను. గట్టు మీద టార్చి వెలుగు.

నీళ్లలో కొబ్బరిచెట్ల నీడ పడాలి, వెనకాల సూర్యుడు లేవాలి. ఈ ఫోటో కోసం కోనసీమ వచ్చినవాళ్లు చాలామంది నేరుగా గోదారి ఒడ్డునున్న దిండి వెళ్లిపోతారు. గోదారి అందం గోదారిదే, కాదనను. కానీ నీడ కోసమైతే నేను అటు వెళ్లను. అంత వెడల్పు నీటి మీద చిరుగాలి వీచినా అలలు లేస్తాయి. పైగా సముద్రం దగ్గర, ఆటుపోట్లు ఉంటాయి.

పోనీ రొయ్యల చెరువు? తెల్లవారుజామున చెరువు నీటిలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. సరిగ్గా మనం వెళ్లే వేళకే నీటిని చిలికే ఏరియేటర్లు జోరుగా తిరుగుతుంటాయి. ఇక పంట కాలువ సంగతి, గుర్రపుడెక్క లేని చోటు దొరికితే మీ అదృష్టం.

అందుకే ఈ చేను. దాళ్వాకి, అంటే రెండో పంటకి కాలువ నీళ్లు పెట్టి దమ్ము చేశాక, ఊడ్పులు పడేలోపు కొద్ది రోజులు చేలన్నీ అద్దాల్లా ఉంటాయి. లోతు తక్కువ, చుట్టూ గట్లు. గాలికి అల పెంచుకునే జాగా ఉండదు. బురద నీళ్లని బెంగ వద్దు. ఏటవాలుగా చూస్తే బురద నీళ్లలోనూ ఆకాశం చక్కగా కనిపిస్తుంది.

దృశ్యం: తూర్పున ఎరుపు. గట్టు మీద కూర్చుని ఫోన్ తలకిందులుగా పట్టుకున్న చేతులు.

జనవరిలో ఇక్కడ సూర్యోదయం ఆరున్నర ప్రాంతంలో. ఆరింటికల్లా గట్టు మీద ఉండండి, రంగులన్నీ ఈ అరగంటలోనే. సూర్యుడు నేరుగా తూర్పున రాడు, ఆగ్నేయం వైపు బాగా జరిగి వస్తాడు. దాన్ని బట్టి ఏ గట్టు మీద కూర్చోవాలో ముందురోజు సాయంత్రమే చూసుకోండి. అలాగే రైతునీ అడగండి. కొత్తగా మట్టి మెత్తిన గట్టు మీద కాలేస్తే దిగబడిపోతుంది, నీళ్లు పక్క చేలోకి పోతాయి. ఆ తర్వాత ఆయన తిట్టే తిట్లు వీడియోలో పెట్టలేం.

ఇప్పుడు అసలు విషయం. అదిగో, అవతలి గట్టు వెనక పాక. నేను నిలబడి తీస్తే పైన పాక ఉంది, నీళ్లలో మాత్రం గట్టు, చెట్ల తలలే ఉన్నాయి. ఎందుకంటే మన కన్ను నీటికి ఎంత ఎత్తులో ఉందో, నీడలో కనిపించే దృశ్యం అంత లోతు నుంచి పైకి చూసినట్టు ఉంటుంది. కింద నుంచి చూస్తే గట్టు అడ్డం వస్తుంది కదా! కూర్చుని, కెమెరా నీటికి జానెడు ఎత్తుకి దించాను. పాక నీళ్లలోకి వచ్చేసింది. ఫోన్ అయితే తలకిందులు చేయండి, లెన్స్ నీటికి ఇంకా దగ్గరవుతుంది.

ఫోకస్ నీటి పైపొర మీద పెట్టకండి. నీళ్ల నీడలో కనిపించే చెట్టు మీదే పెట్టండి. కెమెరా లెక్కలో ఆ నీడ చెట్టున్నంత దూరంలోనే ఉంటుంది. పోలరైజర్ ఫిల్టర్ ఉంటే తీసేయండి, మనకి కావలసిన నీడనే తుడిచేస్తుంది. వెలుతురు ఆకాశాన్ని బట్టి సెట్ చేసుకోండి, ఆకాశం తెల్లగా మాడిపోతే తర్వాత తిరిగిరాదు. ఎడిటింగ్‌లో ఒక్క మాట: నీటిలోని ఆకాశం పైనున్న దానికంటే కొంచెం చీకటిగానే ఉంటుంది. కింది సగాన్ని మరీ వెలిగిస్తే దొంగ ఫోటో అని చూడగానే తెలిసిపోతుంది.

దృశ్యం: సూర్యుడు పైకి వచ్చాడు. కెమెరా పడమటికి తిరుగుతుంది.

సూర్యుడు వచ్చాక అందరూ సర్దేసుకుంటారు. మీరు వెనక్కి తిరగండి. పడమటి గట్టు కొబ్బరిచెట్లకి ఎండ తగిలి మట్టలు పచ్చటి బంగారం రంగుకి వస్తాయి. నాకైతే సూర్యుడి ఫోటో కంటే ఇదే ఇష్టం. ఊడ్పులకి ఆడవాళ్లు దిగాక ఆ మడిలో నీళ్లు కుదురుగా ఉండవు, పక్క మడికి జరగండి. వాళ్లని తీయాలనిపిస్తే ముందు అడిగి తీయండి.