రద్దీకి ధర కట్టిన ప్రొఫెసర్

శ్రోతలకు నమస్కారం.

న్యూయార్క్ నడిబొడ్డున మన్‌హట్టన్‌లో 60వ వీధి దాటి దిగువకు కారులో వెళ్తే, 2025 జనవరి 5 నుంచి పగటిపూట 9 డాలర్లు కట్టాలి. ఈ చార్జీ వెనకున్న ఆలోచన అదే నగరంలో, కొలంబియా యూనివర్సిటీలో పాఠాలు చెప్పిన ఆర్థికవేత్త విలియం విక్రీది.

ఆయన 1914లో కెనడాలో పుట్టారు. 1950ల మొదట్లో న్యూయార్క్ సబ్‌వే రైళ్ల చార్జీలను పరిశీలించి, రద్దీ వేళ ఎక్కువ, ఖాళీ వేళ తక్కువ తీసుకోమన్నారు. నగర పెద్దలు పట్టించుకోలేదు. ఆ తర్వాత ఆయన దృష్టి రోడ్ల మీదికి మళ్లింది.

ఆయన వాదన వినండి. రద్దీలోకి దూరిన ప్రతి కారూ వెనకున్న వాళ్లందరినీ కాస్త కాస్త ఆలస్యం చేస్తుంది. నడిపేవాడు తన పెట్రోలు, తన టైము చూసుకుంటాడు. వెనకవాళ్ల టైము గానీ, పక్కవాళ్లు పీల్చే పొగ గానీ అతని లెక్కలోకి రావు. పోనీ రోడ్డు వెడల్పు చేద్దామా అంటే, ఖాళీ కనబడగానే ఇంకొన్ని కార్లు వచ్చి నిండుతాయి. అందుకే 1959లో అమెరికన్ కాంగ్రెస్ కమిటీకి ఆయన ఒక పద్ధతి చెప్పారు: కారుకో ఎలక్ట్రానిక్ పరికరం, రోడ్డు మీద దాన్ని గుర్తుపట్టే యంత్రం, నెలకోసారి బిల్లు. మన ఫాస్టాగ్‌కు తాత అన్నమాట! అదేమంత ఖర్చు కాదని చూపించడానికి తన కారుకే రేడియో ట్రాన్స్‌మిటర్ బిగించుకున్న మనిషి ఆయన.

1996 అక్టోబర్ 8న నోబెల్ ప్రకటించారు, అదీ వేరే పరిశోధనకు. మూడు రోజులకే ఆయన చనిపోయారు.

ఆలోచన మాత్రం సింగపూర్‌లో 1975లోనే అమలైంది, రద్దీ ప్రాంతంలోకి రావడానికి కొనుక్కునే కాగితం లైసెన్సులతో. 2006లో స్టాక్‌హోమ్ ముందు కొన్ని నెలలు ప్రయోగం చేసి, తర్వాత ఓటింగ్ పెట్టింది. మొదట్లో గొణిగిన నగరవాసుల్లోనే ఎక్కువమంది సరేనన్నారు. చార్జీ ఉన్న ప్రాంతంలోకి వచ్చే వాహనాలు సుమారు 20 శాతం తగ్గాయి. పిల్లల్లో ఆస్తమా బాధ కూడా తగ్గిందని తర్వాతి పరిశోధనలో తేలింది. నాకైతే ఆ 20 శాతం కన్నా ఇదే పెద్ద ఫలితం.

డబ్బున్నవాడికి 9 డాలర్లు లెక్కా, లేనివాడి సంగతేమిటని అడిగేవారున్నారు. న్యాయమైన ప్రశ్నే. బస్సులు పెంచకుండా చార్జీ ఒక్కటే పెడితే నేనూ ఒప్పుకోను. లండన్ 2003లో చార్జీ మొదలుపెడుతూనే అదనపు బస్సులు దింపింది. ఖర్చులు పోగా మిగిలిన సొమ్మును మొదటి పదేళ్లూ రవాణాకే వాడాలని అక్కడి చట్టంలో ముందే రాసుకున్నారు.