రెండు వేళ్లు ముడుచుకుపోయాక: లియాన్ ఫ్లైషర్ జీవితం మీద చర్చ

సంధానకర్త: నమస్కారం. ఈరోజు అమెరికన్ పియానిస్ట్ లియాన్ ఫ్లైషర్ గురించి మాట్లాడుకుందాం. 1928లో శాన్ ఫ్రాన్సిస్కోలో పుట్టారు, 2020లో బాల్టిమోర్‌లో పోయారు. ఈ మధ్యలో ముప్పై ఏళ్ల దాకా ఆయన కుడిచేయి కచేరీకి పనికిరాలేదు. స్టూడియోలో ఒక పియానో అధ్యాపకురాలు, ఒక సంగీత విమర్శకుడు, ఒక న్యూరాలజిస్ట్ ఉన్నారు. మేడమ్, చేయి పాడవక ముందు ఆయన స్థాయి ఏమిటి?

అధ్యాపకురాలు: అందరికంటే పైవరసలోనే అండీ. పదేళ్లు నిండకముందే పేరున్న పియానిస్ట్ ఆర్టర్ ష్నాబెల్ దగ్గర శిష్యుడిగా చేరారు. ష్నాబెల్ అంత చిన్నపిల్లలకు పాఠం చెప్పేవారు కాదు. ఈ అబ్బాయిని చేర్చుకున్నారు గానీ, కచేరీలు చేయకూడదని షరతు పెట్టారు. 1944లో, పదహారేళ్లకు, కార్నెగీ హాల్‌లో న్యూయార్క్ ఫిల్హార్మోనిక్ ఆర్కెస్ట్రాతో బ్రామ్స్ మొదటి కాన్చెర్టో, అంటే ఆర్కెస్ట్రాతో కలిసి వాయించే పియానో రచన, వాయించారు. 1952లో బ్రసెల్స్‌లో క్వీన్ ఎలిజబెత్ పోటీ గెలిచారు. అమెరికన్లలో ఆయనే మొదటివారు.

విమర్శకుడు: ఆ తర్వాత కండక్టర్ జార్జ్ సెల్, క్లీవ్‌లాండ్ ఆర్కెస్ట్రాతో చేసిన బీతోవెన్, బ్రామ్స్ రికార్డింగులు. ఇన్నేళ్లయినా ఎవరు కొత్తగా రికార్డు చేసినా మేం వాటితోనే పోల్చి చూస్తాం.

సంధానకర్త: తర్వాత 1964 వచ్చింది.

అధ్యాపకురాలు: క్లీవ్‌లాండ్ ఆర్కెస్ట్రాతో సోవియట్ యూనియన్ టూర్‌కి సిద్ధమవుతున్నారు. కుడిచేతి నాలుగో వేలు, చిటికెన వేలు లోపలికి ముడుచుకోవడం మొదలైంది. వయసు ముప్పై ఆరు. సరిగా రావట్లేదని ఇంకా గట్టిగా సాధన చేశారు. అది ఇంకా ముదిరింది.

న్యూరాలజిస్ట్: సాధన చేస్తే ముదరడం ఈ జబ్బులో మామూలే. దీన్ని ఫోకల్ డిస్టోనియా అంటారు. ఎముకకి, కండరానికి దెబ్బ తగిలినట్టు కాదు. ఏళ్ల తరబడి అతి సూక్ష్మమైన కదలికల్ని లక్షలసార్లు చేసిన చేతికి మెదడు ఇచ్చే ఆదేశాలు కలగాపులగం అవుతాయి. ఒక వేలు కదపబోతే పక్క వేలు బిగుస్తుంది. సాధారణంగా నొప్పి ఉండదు. పైగా అదే చేత్తో మిగతా పనులన్నీ చేసుకోగలరు, పియానో దగ్గర కూర్చుంటేనే చేయి మొరాయిస్తుంది. అందుకే చాలామంది డాక్టర్లు అప్పట్లో దీన్ని టెన్షన్ అనో, మానసిక సమస్య అనో కొట్టిపారేసేవారు. వృత్తి సంగీతకారుల్లో సుమారు వందమందిలో ఒకరికి వస్తుందని అంచనా.

సంధానకర్త: ఆత్మహత్య ఆలోచన కూడా వచ్చిందని ఆయనే చెప్పుకున్నారు కదా.

విమర్శకుడు: అవును. దాన్ని దాటేసి, "చేయి పోయింది, ధైర్యంగా నిలబడ్డాడు" అని కథ చెప్పేస్తారు. ఆ ఏళ్లలో ఆయన కాపురం కూడా కూలింది. ఎడమచేతి సంగీతం, అంటే ఒక్క ఎడమచేత్తోనే వాయించడానికి రాసినది, ఆయన వెంటనే, ఇష్టపడి ఎంచుకున్నది కాదు. ఆర్కెస్ట్రాను నడిపించే కండక్టింగ్ వైపు వెళ్లారు, పాఠాలు చెప్పారు, ఆ తర్వాతే దానితో రాజీ పడ్డారు.

అధ్యాపకురాలు: రాజీ అనకండి. ఎడమచేతి సంగీతం అంటే సగం సంగీతం అని చాలామంది అపోహ. ఒక్కసారి చేయి పెట్టి చూడండి: ఎడమచేతి బొటనవేలు పై స్వరాల వైపు ఉంటుంది. రాగం ఎక్కువగా పైనే నడుస్తుంది కాబట్టి, అన్నిటికన్నా బలమైన వేలికే ఆ పని దొరుకుతుంది. కుడిచేతిలో అదే పని చిటికెన వేలి మీద పడుతుంది. కింది స్వరాన్ని పెడల్‌తో పట్టి ఉంచి చేయి పైకి దూకుతుంది. కళ్లు మూసుకుని ఫ్రెంచ్ స్వరకర్త రవేల్ ఎడమచేతి కాన్చెర్టో వింటే ఒక్క చేయి అని ఎవరూ అనుకోరు.

సంధానకర్త: అది పియానిస్ట్ పాల్ విట్గెన్‌స్టైన్ కోసం రాసింది.

విమర్శకుడు: తత్వవేత్త లుడ్విగ్ అన్నగారు. మొదటి ప్రపంచయుద్ధంలో కుడిచేయి పోయింది. డబ్బున్న కుటుంబం. రవేల్, ప్రొకోఫియెవ్, బ్రిటన్, హిండెమిత్ లాంటి స్వరకర్తల చేత డబ్బిచ్చి రాయించుకున్నారు. పెద్దమనిషి మాత్రం మహా మొండి. రవేల్ రాసినదాన్ని మార్చి వాయించి ఆయనతో గొడవపడ్డారు. ప్రొకోఫియెవ్‌ది వాయించనే లేదు. 1923లో హిండెమిత్ రాసింది నచ్చక ఎవరికీ చూపించకుండా దాచేశారు. విట్గెన్‌స్టైన్ భార్య పోయాక, 2002లో గానీ అది బయటపడలేదు. దాని తొలి ప్రదర్శన 2004లో బెర్లిన్ ఫిల్హార్మోనిక్‌తో జరిగింది. వాయించింది ఎవరో తెలుసుగా, ఫ్లైషరే.

న్యూరాలజిస్ట్: అప్పటికి ఆయనకు రెండు చేతులూ ఆడుతున్నాయి!

సంధానకర్త: డాక్టర్ గారూ, ఆ మార్పు ఎలా వచ్చింది?

న్యూరాలజిస్ట్: 1990లలో బొటాక్స్ ఇంజెక్షన్లు, దానితోపాటు రోల్ఫింగ్ అనే లోతైన మసాజ్. బొటాక్స్ నరం నుంచి కండరానికి వెళ్లే సంకేతాన్ని కొంత అడ్డుకుంటుంది. బిగుసుకుపోయే కండరం వదులవుతుంది. మూడు నాలుగు నెలల్లో ప్రభావం తగ్గిపోతుంది, మళ్లీ వేయించుకోవాలి. మోతాదు ఎక్కువైతే వేలికి బలమే ఉండదు. జబ్బు మాత్రం పోదు. తనకు నయం కాలేదని ఆయనే చెప్పేవారు.

విమర్శకుడు: 1982లో ఒకసారి తొందరపడ్డారు. బాల్టిమోర్‌లో కొత్త హాలు ప్రారంభోత్సవం, టీవీ కెమెరాలు, రెండు చేతులతో స్వరకర్త ఫ్రాంక్ రాసిన "సింఫనిక్ వేరియేషన్స్" వాయించారు. జనం లేచి చప్పట్లు కొట్టారు. ఆయనకు మాత్రం చేయి ఎక్కడెక్కడ తడబడిందో తెలుసు. మళ్లీ ఎడమచేతికే వెళ్లిపోయారు. పొగడ్తల వానలో తన వాయిద్యం మీద తానే తీర్పు చెప్పుకోగలిగినవాళ్లు ఎంతమంది?

అధ్యాపకురాలు: నాకు మాత్రం ఆయన పాఠాలే ముఖ్యం. 1959 నుంచి బాల్టిమోర్‌లోని పీబాడీ సంగీత విద్యాలయంలో చెప్పారు. ఆంద్రే వాట్స్, యెఫిమ్ బ్రాన్ఫ్‌మన్, జొనాథన్ బిస్ ఆయన శిష్యులే. కుడిచేత్తో వాయించి చూపించలేకపోవడంతో ప్రతిదీ మాటల్లో చెప్పాల్సివచ్చింది. "ఇలా వాయించు" అని చూపిస్తే విద్యార్థి అనుకరిస్తాడు. మాటల్లో చెబితే తన దారి తను వెతుక్కోవాలి.

సంధానకర్త: కొత్తగా వినేవాళ్లు ఎక్కడ మొదలుపెట్టాలి? 2004 ఆల్బమ్ "టూ హ్యాండ్స్"తోనా?

విమర్శకుడు: వద్దు. ముందు సెల్‌తో చేసిన బ్రామ్స్ మొదటి కాన్చెర్టో. ఏం కోల్పోయారో తెలియాలంటే ఏం ఉండేదో వినాలి.

అధ్యాపకురాలు: నేను ఒప్పుకోను. ఆ ఆల్బమ్‌లో షూబర్ట్ చివరి సొనాటా, అంటే పియానో ఒక్కదానికే రాసిన పెద్ద రచన, ఉంది. వేగం, గారడీ దాంట్లో పెద్దగా అక్కర్లేదు. డెబ్బై అయిదేళ్ల మనిషి ఎక్కడ ఆగాలో తెలిసి వాయించారు. ముందు అదే వినండి, బ్రామ్స్ ఆ తర్వాత.