మాల తీసిన మర్నాడు

శ్రోతలకు నమస్కారం.

కార్తీకం వచ్చిందంటే మన వీధుల్లో నల్లబట్టలు కనిపిస్తాయి. రోజుకి ఇరవై సిగరెట్లు కాల్చే మనిషి కూడా మెడలో మాల పడిందంటే నలభై ఒక్క రోజులు ఒక్కటి ముట్టడు. శబరిమల వెళ్లొస్తాడు, మాల తీస్తాడు. మర్నాటికల్లా టీ కొట్టు దగ్గర అగ్గిపుల్ల గీస్తాడు. ఇవాళ మాట్లాడుకునేది ఈయన గురించే. పొగ మానడంలో ఒంటికి కష్టమైన భాగం ఈయన ఎప్పుడో దాటేశాడు. ఆ సంగతి ఆయనకే తెలియదు.

అదెలాగో చూద్దాం. దమ్ము లాగిన పది, ఇరవై సెకన్లలో పొగాకులోని నికోటిన్, అంటే అలవాటు పట్టించే పదార్థం, మెదడుకి చేరుతుంది. అలా రక్తంలో చేరినది సుమారు 2 గంటల్లో సగానికి పడిపోతుంది. పడిపోయిన కొద్దీ మెదడు మళ్లీ అడుగుతుంది. రాత్రంతా నిద్రలో పొగ ఉండదు కాబట్టి పొద్దుటి మొదటి సిగరెట్ మీద అంత యావ. మాన్పించే డాక్టర్లు ‘రోజుకి ఎన్ని?’ అని ఊరుకోరు, ‘లేచాక ఎంతసేపటికి ముట్టిస్తారు?’ అనీ అడుగుతారు. అరగంట లోపే అయితే పట్టు గట్టిదని లెక్క.

ఆపేసిన తర్వాత చిరాకు, నిద్ర సరిగా లేకపోవడం, ఆకలి, పనిమీద ధ్యాస నిలవకపోవడం మొదలవుతాయి. రెండో రోజు, మూడో రోజు ఇవి బాగా ముదురుతాయి, ఆ తర్వాత పల్చబడుతూ రెండు నుంచి నాలుగు వారాల్లో చాలావరకు పోతాయి. దీక్ష దాదాపు ఆరు వారాలు. అంటే మాల తీసే రోజుకి ఒళ్లు నికోటిన్ అడగడం దాదాపు మానేసింది.

మరి మళ్లీ ఎందుకు ముట్టిస్తాడు? దీక్ష ఆయనకి ఏమేమి అమర్చిపెట్టిందో చూస్తే తెలుస్తుంది. మొదలుపెట్టడానికి ఒక తేదీ ఉంది. మొదటి సిగరెట్ వేళకి చన్నీళ్ల స్నానం, పూజ వచ్చి కూర్చున్నాయి. మద్యం లేదు. చుట్టూ తోటి స్వాములున్నారు. నల్లబట్టలు చూసి ‘ఒకటి తీసుకో గురూ’ అనే సాహసం ఎవరూ చేయరు. మాన్పించే కేంద్రాల్లో కౌన్సెలర్లు కూర్చుని ఒక్కొక్కటిగా అమర్చేవి ఇవే. మాల తీయగానే ఇవన్నీ ఒక్కరోజులో పోతాయి, టీ కొట్టు మాత్రం అక్కడే ఉంటుంది. రంజాన్ నెలలో పగలంతా ఉపవాసంతో పాటు సిగరెట్టూ మానేసి, ఇఫ్తార్ కాగానే ముట్టించేవారిదీ ఇంచుమించు ఇదే కథ.

ఎలా మానాలో చెప్పే ముందు, ఎందుకు మానాలో కొంచెం చూద్దాం. ఊపిరితిత్తుల క్యాన్సర్ సంగతి అందరూ వినే ఉన్నారు. 1951లో బ్రిటన్‌లో రిచర్డ్ డాల్, బ్రాడ్‌ఫర్డ్ హిల్ అనే పరిశోధకులు అక్కడి డాక్టర్ల మీదనే ఒక పరిశీలన మొదలుపెట్టారు. అది యాభై ఏళ్లు సాగింది. పొగ మానని డాక్టర్లు, అసలు తాగనివారికంటే సగటున 10 ఏళ్లు ముందే చనిపోయారు. 60 ఏళ్లకి మానినవారికి సుమారు 3 ఏళ్లు, 50కి మానితే 6, 40కి మానితే 9 ఏళ్ల ఆయుష్షు తిరిగి దక్కింది. 30కి మానినవారికి పోవలసిన పదేళ్లూ దాదాపుగా మిగిలాయి.

గుండె సంగతి జనం తేలిగ్గా తీసుకుంటారు. పొగలోని కార్బన్ మోనాక్సైడ్, ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా ఎర్రరక్తకణాలను పట్టుకుంటుంది. ఆక్సిజన్ తగ్గిన రక్తంతోనే గుండె ఎక్కువ పని చేయాలి, పైగా ఆ రక్తం తొందరగా గడ్డకడుతుంది. ‘నేను రోజుకి ఒక్కటే’ అనేవారికి ఒక మాట. ఇరవై తాగేవారికి పెరిగే గుండెజబ్బు ముప్పులో దాదాపు సగం ఆ ఒక్కదానికే వస్తుంది. తగ్గించుకుంటే చాలనుకోవడం గుండె విషయంలో చెల్లదు. పూర్తిగా మానిన ఏడాదికి ఆ అదనపు ముప్పు సగమవుతుంది.

ఇక బీడీ. అందులో పొగాకు తక్కువ కాబట్టి హానీ తక్కువనుకుంటారు. తునికాకు గాలి ఆడనివ్వదు. బీడీ ఆరిపోకుండా ఉండాలంటే మాటిమాటికీ, గట్టిగా లాగాలి. అందుకే చిన్న బీడీ అయినా నికోటిన్, తారు, కార్బన్ మోనాక్సైడ్ ఒంట్లోకి సిగరెట్‌కి తీసిపోకుండా చేరుతాయి. బీడీలు బాగా తాగే నలభై దాటని మగవారిలో కాలివేళ్లు నొప్పిపెట్టి, చల్లబడి, నల్లబడే జబ్బు ఒకటుంది, బర్జర్స్ వ్యాధి అంటారు. పొగ పూర్తిగా ఆపితే తప్ప అది ఆగదు. వేళ్లతో మొదలై కాలు తీసేసేదాకా వెళుతుంది.

చుట్ట దగ్గర కాస్త ఆగాలి. శ్రీకాకుళం, విశాఖ తీరగ్రామాల్లో ఆడవాళ్లు నిప్పు ఉన్న కొసను నోట్లో పెట్టుకుని తాగుతారు, అడ్డపొగ అంటారు. గాలికి ఆరదు, బూడిద మీద పడదు, చేతులు పనిలో ఉన్నా చుట్ట ఎక్కువసేపు వస్తుంది. ఆ వేడీ, పొగా నేరుగా అంగిలికి కొడతాయి. మిగతాచోట్ల అరుదుగా కనిపించే అంగిలి క్యాన్సర్ ఇక్కడ ఎక్కువగా కనబడింది అందుకే. ఇంట్లో పెద్దామెకి ఈ అలవాటుంటే పగటి వెలుగులో నోరు తెరిపించి, టార్చి వేసి పైభాగం చూడండి. తెల్లగా మందంగా మారిన చోటు, తెలుపు మధ్యలో ఎర్రచుక్కలు, రెండు వారాలైనా మానని పుండు కనిపిస్తే ఆ వారంలోనే దంతవైద్యుడికి చూపించాలి. నొప్పి లేదు కదా అని ఆగొద్దు, మొదట్లో నొప్పి ఉండదు.

ఇప్పుడు మానే పని. ముహూర్తం పెట్టుకోండి, తప్పులేదు. కాకపోతే రెండు వారాలు దాటని ముహూర్తం పెట్టుకోండి. పెళ్లికో పార్టీకో వెళ్లే రోజు మాత్రం వద్దు. ఈలోగా ఒక చీటీ జేబులో ఉంచి, ముట్టించిన ప్రతిసారీ వేళ, చోటు రాయండి. నాలుగు రోజులకే మీ కొక్కేలు ఎక్కడున్నాయో కనిపిస్తాయి. టీ తర్వాత, భోజనం తర్వాత, బస్సుకోసం నిలబడ్డప్పుడు, ఫోన్ మాట్లాడుతూ. మాల తీసిన స్వామి దగ్గర లేనిది ఈ చీటీయే.

పట్టు గట్టిగా ఉన్నవారికి నికోటిన్ గమ్ పనికొస్తుంది. 2 మిల్లీగ్రాములది మందుల షాపుల్లో డాక్టర్ చీటీ లేకుండా దొరుకుతుంది. లేచిన అరగంటలోపే ముట్టించేవారికి 4 మిల్లీగ్రాములది కావాలి, దానికి డాక్టర్ చీటీ ఉండాలి. క్యాన్సర్ తెచ్చేది ముఖ్యంగా కాలిన పొగ, గమ్‌లో అది లేదు. గర్భిణులు, ఈమధ్యే గుండెపోటు వచ్చినవారు మాత్రం డాక్టర్‌ని అడగకుండా వాడకూడదు.

గమ్ పనిచేయలేదనేవారిలో చాలామంది దాన్ని బబుల్‌గమ్‌లా నమిలినవారే. అలా నమిలితే నికోటిన్ లాలాజలంతో పొట్టలోకి పోయి ఎక్కిళ్లు, గుండెమంట, వికారం వస్తాయి. మెదడుకి మాత్రం సరిగా చేరదు. గమ్‌ని మెల్లగా నమలాలి. మిరియం కొరికినట్టు నాలుక చురుక్కుమనగానే ఆపేసి, బుగ్గకీ చిగురుకీ మధ్య పెట్టుకోవాలి. ఆ చురుకు తగ్గాక, సుమారు నిమిషానికి, మళ్లీ నాలుగైదుసార్లు నమిలి ఈసారి రెండో బుగ్గన పెట్టాలి. ఇలా అరగంట. గమ్‌కి 15 నిమిషాల ముందునుంచి కాఫీ, టీ, నిమ్మరసం, కూల్‌డ్రింక్ ఏవీ వద్దు, నోట్లో పులుపు ఉంటే నికోటిన్ బుగ్గలోంచి ఇంకదు. మొదటి ఆరు వారాలు గంటకో రెండు గంటలకో ఒకటి, తర్వాతి మూడు వారాలు రెండు నుంచి నాలుగు గంటలకి ఒకటి, చివరి మూడు వారాలు నాలుగు నుంచి ఎనిమిది గంటలకి ఒకటి. రోజుకి 24 దాటకూడదు. జనం చేసే పొరపాటు వేరు, మరీ తక్కువ వాడి, వారానికే ఆపేస్తారు.

ఒంటికి అంటించే ప్యాచీలు, బుప్రోపియాన్, వరెనిక్లిన్ మాత్రలు కూడా ఉన్నాయి. మాత్రలు మానే తేదీకి వారం ముందునుంచే మొదలుపెట్టాలి, అవి డాక్టర్ రాయాల్సినవి. మూర్ఛ ఉన్నవారికి బుప్రోపియాన్ పనికిరాదు.

మొదటి పది రోజుల్లో జనాన్ని వెనక్కి లాగేవి మూడున్నాయి, వీటి గురించి ముందే చెప్పేవారు తక్కువ.

మొదటిది కాఫీ. పొగ కాలేయాన్ని రెచ్చగొట్టి, కెఫీన్‌ను గబగబా కరిగించేస్తుంది. పొగ ఆగాక ఆ వేగం తగ్గి, అదే కప్పు దాదాపు రెట్టింపు పట్టు పడుతుంది. గుండె దడ, చేతుల వణుకు, నిద్ర రాకపోవడం. ఇదంతా సిగరెట్ లేకనే అనుకుంటారు. నాలుగు కప్పులు తాగేవారు మొదటి రోజునుంచే రెండుకి దిగండి. ఇలాంటి కారణంతోనే మానసిక జబ్బులకి వాడే ఒలాంజపిన్, క్లోజపిన్, ఉబ్బసానికి వాడే థియోఫిలిన్ మోతాదులూ మార్చాల్సి రావచ్చు. సుగర్‌కి ఇన్సులిన్ తీసుకునేవారూ మానే ముందే డాక్టర్‌కి చెప్పాలి.

రెండోది, పైకి చెప్పుకోని సంగతి. ‘బీడీ లాగితేనే గానీ పొద్దున కడుపు కదలదు’ అనేవారు వేలమంది. వారు అబద్ధం చెప్పడం లేదు, నికోటిన్ పేగుల్ని కదిలిస్తుంది. మానిన రెండు మూడు వారాలు మలబద్ధకం ఉంటుంది. లేవగానే రెండు గ్లాసుల గోరువెచ్చని నీళ్లు, రాత్రి భోజనంలో ఆకుకూర, పగలు జామకాయ, పావుగంట నడక. అప్పటికీ కాకపోతే కొన్నాళ్లు ఇసబ్‌గోల్.

మూడోది దగ్గు. ఊపిరిగొట్టాల్లో కఫాన్ని పైకి తోసే సన్నటి నూగు ఉంటుంది, పొగకి అది చచ్చుబడిపోతుంది. మానాక అది మళ్లీ పని మొదలుపెట్టి, పాత కఫాన్ని ఎత్తిపోస్తుంది. ‘మానాకే దగ్గు ఎక్కువైంది’ అని మళ్లీ ముట్టించేవారు దీన్ని తప్పుగా చదువుకున్నవారు. కఫంలో రక్తం పడినా, దగ్గు రెండు వారాలు దాటినా మాత్రం కఫం పరీక్ష చేయించుకోండి. పొగ తాగేవారికి క్షయ ముప్పు ఎక్కువ.

కోరిక పుట్టినప్పుడు గడియారం చూడండి. మూడు నుంచి ఐదు నిమిషాల్లో అది దిగిపోతుంది. ఆ ఐదు నిమిషాలకి ఒక గ్లాసు నీళ్లు, నోట్లో రెండు లవంగాలో చిటికెడు సోంపో చాలు. వక్కపొడి మాత్రం వద్దు. పొగాకు లేకపోయినా వక్క దానంతటదే నోటి క్యాన్సర్ తెచ్చేది. సిగరెట్ మాని పాన్‌కి అలవాటుపడటం ఇల్లు మారడమే. మొదటి నెల మద్యం కూడా వద్దు. గ్లాసు చేతిలో ఉండగా ఎంత గట్టి నిర్ణయమైనా అరగంట నిలవదు.

ఎప్పుడో ఒకరోజు ఒకటి తాగేశారనుకోండి. అది ఓటమి కాదు, కానీ చేతిలో ఉన్న ప్యాకెట్ దాన్ని ఓటమిగా మారుస్తుంది. ప్యాకెట్‌ని నీళ్లలో ముంచి పారేయండి, గమ్ ఆపకండి, ఎక్కడ, ఎవరితో ఉండగా జరిగిందో ఆ పాత చీటీలో రాయండి. మళ్లీ తేదీ పెట్టుకోనక్కర్లేదు. చాలామంది ఒకటికి మించి ప్రయత్నాల తర్వాతే మానగలిగారు.

మాట్లాడటానికి మనిషి కావాలంటే, 2016 నుంచి జాతీయ క్విట్‌లైన్ ఉంది, అంటే పొగాకు మానేవారికి ఫోన్‌లో సాయపడే సేవ. ఉచితం. ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు, సోమవారం సెలవు. తెలుగులో మాట్లాడొచ్చు. ఈ నంబరు 2018 నుంచి ప్రతి ప్యాకెట్ మీదా అచ్చవుతోంది, విడిగా ఒక్కొక్కటి కొనేవారి కంట మాత్రం పడదు. కాగితం తీసుకోండి. 1800 11 2356. మళ్లీ చెబుతున్నాను, 1800 11 2356. వారు అడిగే మొదటి రెండు ప్రశ్నలకి జవాబు సిద్ధంగా ఉంచుకోండి: రోజుకి ఎన్ని, లేచాక ఎంతసేపటికి మొదటిది. సెలవు.