జోడేఘాట్ నుంచి సచివాలయం దాకా: ఒక రిపోర్టు ఎలా నడుస్తుంది

[తెర మీద: పొద్దున్నే జోడేఘాట్ కొండలు. కొన్ని సెకన్లు మాటలు లేవు.]

1940లో ఈ కొండల్లోనే కొమురం భీం నిజాం పోలీసుల కాల్పుల్లో నేలకొరిగారు. జల్, జంగల్, జమీన్ అన్న మాట మనమంతా వింటూ పెరిగాం. కాల్పుల తర్వాత ఏం జరిగిందన్నది మాత్రం చాలామందికి తెలియదు. పరిశోధకులు రాసిన రిపోర్టు సర్కారు నిర్ణయంగా ఎలా మారుతుందో, ఎక్కడ ఆగిపోతుందో చెప్పే ఈ వీడియోను అందుకే అక్కడి నుంచి మొదలుపెడుతున్నాను.

తిరుగుబాటు అణిగిపోయింది కాబట్టి సర్కారు ఫైలు మూసేసి ఊరుకోవచ్చు. కానీ నిజాం సర్కారు ఇంకో పని చేసింది. గోండులు అసలు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకోమని ఒక మానవ శాస్త్రవేత్తను పంపింది. ఆయనే క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. ఆస్ట్రియాలో పుట్టారు. రెండో ప్రపంచ యుద్ధం వచ్చి ఇండియాలో చిక్కుకుపోయి, హైదరాబాద్ సంస్థానంలోనే ఉండిపోయారు.

[తెర మీద: పాత ఆదిలాబాద్ జిల్లా మ్యాప్. మార్లవాయి దగ్గర చుక్క.]

ఆయన గెస్ట్ హౌస్‌లో దిగి, నాలుగు ఊళ్లు తిరిగి వెళ్లిపోయే రకం కాదు. భార్య బెట్టీతో కలిసి మార్లవాయిలో ఇల్లు వేసుకుని ఉన్నారు. గోండీ మాట్లాడారు. అలా ఉన్నారు కాబట్టే ఒక సంగతి అర్థమైంది. గోండులు కొన్నేళ్లు సాగు చేసి, నేల సారం తగ్గితే దాన్ని బీడు వదిలి, పక్క భూమి దున్నుకునేవారు. బీడు వదిలిన భూమి కూడా వాళ్ల లెక్కలో వాళ్లదే. రెవెన్యూ లెక్కలో మాత్రం అది ఎవరిదీ కాదు. పట్టా అంటే ఏమిటో తెలిసిన బయటివాళ్లు వచ్చి ఆ భూమిని తమ పేర రాయించుకున్నారు. ఇంకోవైపు అటవీ శాఖ రిజర్వు గీతలు గీసింది. కొన్ని ఊళ్లు ఊళ్లుగానే ఆ గీతల లోపల పడ్డాయి. తాతల నాటి ఊళ్లో ఉంటూనే మనిషి ఆక్రమణదారు అయిపోయాడు.

ఇప్పుడు మన విషయానికి వస్తాను. హైమన్‌డార్ఫ్ గోండుల పురాణాల మీద, పూజల మీద పెద్ద గ్రంథం రాశారు. అది 1948లో వచ్చింది. దానికి మూడేళ్ల ముందే, 1945లో, ఆయన రాసిన నాలుగు రిపోర్టులను నిజాం సర్కారు రెవెన్యూ శాఖ అచ్చు వేయించింది. మనిషి ఒక్కడే, తెలిసినదీ ఒక్కటే, కానీ రాత రెండు రకాలు. గ్రంథం చదువుకునేవాళ్ల కోసం. రిపోర్టు సంతకం పెట్టాల్సినవాళ్ల కోసం. పట్టాలివ్వండి, రిజర్వు హద్దులు మళ్లీ చూడండి, గోండీలో చదువు చెప్పండి, గోండు కుర్రాళ్లనే టీచర్లుగా తయారు చేయండి. ఆయన అడిగినవి ఇలాంటివి. 1943లోనే మార్లవాయిలో టీచర్ల శిక్షణ కేంద్రం మొదలైంది. వేల కుటుంబాలకు భూమి పట్టాలు అందాయి. 1356 ఫసలీలో, అంటే 1946లో, గిరిజన ప్రాంతాలకు విడిగా ఒక చట్టమే వచ్చింది. సేతుమాధవరావు పగడి అనే అధికారి గోండీ నేర్చుకుని, ఆ భాషకు వ్యాకరణం కూడా రాశారు. పరిశోధకుడు రాసిన దాన్ని అందుకోవడానికి ఇవతలి వైపు అలాంటి అధికారి ఉండటం ఎంత అదృష్టమో చెప్పలేను.

కానీ కథ అక్కడ ఆగలేదు. కాలం మారింది, సర్కార్లు మారాయి, రోడ్లు వచ్చాయి, రోడ్ల వెంట కొత్త జనం వచ్చారు. 1970లలో హైమన్‌డార్ఫ్ మళ్లీ ఆదిలాబాద్ వచ్చి చూస్తే, ఇప్పించిన భూములు చాలా చోట్ల చేతులు మారిపోయి ఉన్నాయి. 1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో గోండుల మీద మళ్లీ పోలీసు కాల్పులు జరిగాయి. 1940 నాటి కారణమే, భూమే.

[తెర మీద: 1940, 1981. రెండు అంకెలు పక్కపక్కనే.]

శ్రీకాకుళం కథ మీకు తెలిసే ఉంటుంది కాబట్టి త్వరగా చెప్పేస్తాను. 1967 అక్టోబర్ 31న లేవిడి దగ్గర ఇద్దరు గిరిజనులను భూస్వాముల మనుషులు కాల్చి చంపారు. అక్కడి నుంచి పోరాటం సాయుధమైంది. 1969లో కేంద్ర హోం శాఖలోని పరిశోధన విభాగమే ఒక రిపోర్టు తయారు చేసి, దేశంలో ఊళ్లు రగలడానికి కారణం భూమి పంపకంలో ఉన్న అన్యాయమేనని తేల్చింది. కేంద్ర పోలీసు బలగాలు ఏ శాఖ కింద పని చేస్తాయో ఆ శాఖే ఈ మాట రాసింది. 1970లో ఆంధ్రప్రదేశ్‌లో గిరిజనుల భూమి బయటివాళ్ల చేతికి పోకుండా ఆపే 1/70 చట్టం (భూమి బదలాయింపు నిబంధన, ఎల్‌టీఆర్) వచ్చింది. ఏజెన్సీలో గిరిజనేతరుడి చేతిలో ఉన్న భూమి ఒకప్పుడు గిరిజనుడిదే అని చట్టం ముందే అనుకుంటుంది. కాదని రుజువు చేసుకోవాల్సింది గిరిజనేతరుడే. సుప్రీంకోర్టు 1988లో ఈ చట్టాన్ని సమర్థించింది.

ఇక 2006కి వద్దాం. ప్రణాళికా సంఘం ఒక నిపుణుల బృందాన్ని వేసింది. నక్సలిజం ఉన్న ప్రాంతాల్లో అభివృద్ధి ఎక్కడ తప్పిందో చెప్పమంది. అధ్యక్షుడు డి. బందోపాధ్యాయ, బెంగాల్‌లో కౌలు రైతుల పేర్లు రికార్డుల్లోకి ఎక్కించిన ఆపరేషన్ బర్గాను నడిపించిన అధికారి. సభ్యుల్లో బీఎస్‌ఎఫ్ మాజీ డీజీ ప్రకాశ్ సింగ్ ఉన్నారు, ఇంటెలిజెన్స్ బ్యూరో మాజీ డైరెక్టర్ అజిత్ దోవల్ ఉన్నారు, మన పౌరహక్కుల నాయకుడు కె. బాలగోపాల్ కూడా ఉన్నారు. వీళ్లంతా ఒక టేబుల్ చుట్టూ కూర్చున్నారంటేనే పెద్ద సంగతి. 2008 ఏప్రిల్‌లో రిపోర్టు ఇచ్చారు. భూమి, అడవి హక్కులు, కనీస కూలి, గిరిజన ప్రాంతాల్లో గ్రామసభలకు అధికారాలిచ్చే పెసా చట్టం, నిర్వాసితుల గోడు, అన్నీ ఉన్నాయి. మావోయిస్టుల మీదికి గిరిజనులనే నిలబెట్టిన ఛత్తీస్‌గఢ్ సల్వాజుడుం తప్పని కూడా రాశారు.

సల్వాజుడుం మీద ఆ మాట చెల్లింది మంత్రిత్వ శాఖలో కాదు. 2011 జులై 5న సుప్రీంకోర్టు గిరిజన కుర్రాళ్లకు తుపాకులిచ్చి ఎస్పీవోలుగా (స్పెషల్ పోలీసు ఆఫీసర్లుగా) వాడటం రాజ్యాంగ విరుద్ధం అంది. ఆ తీర్పు రాసిన బెంచిలో ఉన్నది మన జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి. తీర్పులో ఈ నిపుణుల రిపోర్టు మాటలు కనిపిస్తాయి. అంటే రిపోర్టు ఏ టేబుల్ కోసం రాశారో అక్కడ కాకుండా, చుట్టూ తిరిగి కోర్టు మెట్లెక్కింది.

మరి మంత్రిత్వ శాఖలు ఏం చేశాయి? 2010 ఏప్రిల్‌లో ఛత్తీస్‌గఢ్‌లోని తాడిమెట్లలో మావోయిస్టుల దాడిలో ఒక్క రోజే 76 మంది జవాన్లు చనిపోయారు. ఆ ఏడాది నవంబర్‌లో నక్సలిజం, వెనకబాటు ఉన్న 60 జిల్లాలకు సమీకృత కార్యాచరణ ప్రణాళిక వచ్చింది. మొదటి ఏడు జిల్లాకు 25 కోట్లు, మరుసటి ఏడు 30 కోట్లు. ఖర్చు పెట్టేది కలెక్టర్, ఎస్పీ, డీఎఫ్‌వో (జిల్లా అటవీ అధికారి) ముగ్గురి కమిటీ. ఇది ఎందుకు అంత తొందరగా కదిలింది? ఎవరు, ఎంత, ఎప్పుడు అన్న మూడింటికీ ఒక్క పేజీలో జవాబుంది కాబట్టి. రోడ్లు, బిల్డింగులు వచ్చాయి. భూమి తగాదా తీర్చడానికి ఆ పేజీలో చోటు లేదు. నాకు బాధ కలిగేది ఇక్కడే. తేలిగ్గా రాయగలిగింది పాలసీ అయింది. అసలు కారణం రాయడం కష్టం కాబట్టి వెనకబడిపోయింది.

[తెర మీద: ఖాళీ తెల్ల కాగితం. రాతలు ఒక్కొక్కటిగా కనిపిస్తాయి.]

కష్టమైన దాన్ని ఎలా రాయాలి? ఒకటి రాసి చూద్దాం. ఒక ఏజెన్సీ మండలంలో ఎవరో రెండేళ్లు తిరిగి పరిశోధన చేశారనుకోండి. వాళ్ల వ్యాసంలో ఈ వాక్యం ఉంది: "భూ అన్యాక్రాంతం వల్ల రాజ్య సంస్థల పట్ల ఏర్పడిన విశ్వాస రాహిత్యం సాయుధ సమూహాలకు సామాజిక ఆమోదాన్ని సమకూరుస్తోంది." నిజమే కావచ్చు. కానీ సెక్రటరీ దీన్ని చదివి ఏం చేయాలి?

ఆ పరిశోధకుల నోట్‌బుక్ తెరిస్తే ఇంకోటి దొరుకుతుంది. ఒక గిరిజన రైతు 1/70 కింద కేసు వేశాడు. స్పెషల్ డిప్యూటీ కలెక్టర్ కోర్టులో గెలిచాడు. ఆర్డర్ కాపీ పాలిథిన్ కవర్లో చుట్టి దూలానికి కట్టి దాచుకున్నాడు. రెవెన్యూ వాళ్లు వచ్చి పంచనామా రాశారు, స్వాధీనం చేశామని సంతకాలు తీసుకున్నారు. మరుసటి వారం పాత ఆసామి ట్రాక్టర్ మళ్లీ అదే పొలంలో దిగింది. రికార్డులో కేసు పరిష్కారమైపోయింది. రైతు మాత్రం తన పొలంలోనే కూలికి పోతున్నాడు. ఇది నేను కల్పించి చెబుతున్న ఉదాహరణే, కానీ ఏజెన్సీలో తిరిగినవాళ్లకు "కాగితం మీద స్వాధీనం" అంటే ఏమిటో విడమరచి చెప్పక్కర్లేదు.

ఇప్పుడు నోట్ ఇలా రాయొచ్చు. "ఈ మండలంలో ఎల్‌టీఆర్ కేసుల్లో గిరిజనులు గెలిచిన భూముల్లో కొన్నింటిని ఇప్పటికీ ఓడినవాళ్లే సాగు చేస్తున్నారు. సర్వే నంబర్లు జతచేశాం. ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ప్రాజెక్టు ఆఫీసర్, తహసీల్దార్ కలిసి ఖరీఫ్‌కు ముందు ఈ పొలాలకు వెళ్లి చూడాలి. పంట కోతప్పుడు మళ్లీ చూడాలి." కింద ఇంకో రెండు లైన్లు: ఇందులో మేం కళ్లారా చూసింది ఎంత, ఊళ్లో విన్నది ఎంత. అంతే. సంతకం పెట్టాల్సిన మనిషికి తను రేపు ఏం చేయాలో తెలుస్తుంది. మంత్రి అడిగితే చెప్పడానికి ఆధారమూ ఉంటుంది.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పకుండా ముందుకు వెళ్లలేను. భద్రత గురించి చేసే పరిశోధనలో ఊరి పేరు రాయడం చిన్న విషయం కాదు. ఇన్‌ఫార్మర్ అన్న ముద్ర పడితే మావోయిస్టులు చంపేశారు. కొరియర్ అన్న ముద్ర పడితే పోలీసులు పట్టుకెళ్లారు. పరిశోధకుడికి అన్నం పెట్టి, మనసులో మాట చెప్పిన ఇల్లు ఆ రెండు ముద్రల మధ్య నిలబడి ఉంటుంది. రిపోర్టును కుదించి నోట్ చేసేటప్పుడు, వివరంగా ఉండాలన్న తాపత్రయంలో ఆ ఇంటి గుర్తులు బయటపడితే, పాలసీ వచ్చే లోపే మనిషి పోతాడు. కాబట్టి భూమి సర్వే నంబర్ రాయండి, అది ఎలాగూ కోర్టు రికార్డులో ఉంది. ఎవరు చెప్పారో రాయొద్దు. పోలీసు శాఖకు వెళ్లే కాపీని మరోసారి చదివి పంపండి.

[తెర మీద: నెలవారీ సమీక్ష పట్టిక.]

చివరగా, చదివేవాళ్ల వైపు నుంచి ఒక్క మాట. జిల్లా సమీక్షలో ఏది అడిగితే కింద ఆ పనే జరుగుతుంది. ఎదురుకాల్పులు ఎన్ని, లొంగుబాట్లు ఎన్ని అని అడుగుతారు. ఎల్‌టీఆర్ కేసులు ఎన్ని తేలాయని కూడా అడగొచ్చు. తేలిన తర్వాత ఆ భూమిలో ఈ ఏడు నాగలి ఎవరిదో అడగరు. నిపుణుల బృందం రిపోర్టు మొత్తం చదివే తీరిక పెద్ద అధికారికి దొరక్కపోవచ్చు. కానీ ఆ పట్టికలో ఒక గడి చేర్చడానికి ఒక్క మెమో చాలు.

[తెర మీద: పట్టికలో కొత్త గడి. పైన రాసి ఉంది: ఈ ఖరీఫ్‌లో సాగు చేసింది ఎవరు?]