ట్రింగ్ ఊరి వితంతువు: వాషింగ్టన్ వంశం ఆచూకీ

సభకు నమస్కారం.

అమెరికా తొలి అధ్యక్షుడు జార్జి వాషింగ్టన్‌కు తన ముత్తాత ఇంగ్లండులో ఏ ఊరివాడో తెలియదు. అక్కడ వంశచిహ్నాల వ్యవహారాలు చూసే ప్రధానాధికారి సర్ ఐజక్ హెర్డ్ 1791లో ఉత్తరం రాసి వివరాలు అడిగితే, ఈ విషయం తాను పెద్దగా పట్టించుకోలేదని, పూర్వికులు ఉత్తరాది కౌంటీలలో ఒకదాని నుంచి వచ్చారని విన్నాననీ, అది లాంకషైరో యార్క్‌షైరో ఇంకా పైదో సరిగా గుర్తులేదనీ 1792 మేలో జవాబిచ్చాడు.

హెర్డ్ చేతిలో ఉన్న ఆధారం రెండు పేర్లు. వర్జీనియాలో స్థిరపడిన అన్నదమ్ములు జాన్, లారెన్స్. నార్తాంప్టన్‌షైర్‌లోని సల్‌గ్రేవ్ వాషింగ్టన్‌లలోనూ జాన్, లారెన్స్ అనే అన్నదమ్ములున్నారు. ఆయన ఈ జంటను ఆ జంటతో కలిపేశాడు. తాత పేరు మనవడికి పెట్టుకునే మనకు ఇందులోని ప్రమాదం వేరే చెప్పనక్కర్లేదు. డెబ్బై ఏళ్లకు పైగా నిలిచిన ఆ ముడిని 1866లో లండన్‌లో స్థిరపడ్డ అమెరికన్ పరిశోధకుడు జోసెఫ్ లెమ్యూయెల్ చెస్టర్ విప్పేశాడు. సల్‌గ్రేవ్ వంశపు జాన్ నైట్ బిరుదు పొందినవాడు; వర్జీనియా జాన్‌ను ఏ కాగితంలోనూ ఎవరూ ‘సర్’ అనలేదు. సల్‌గ్రేవ్ వంశపు లారెన్స్ చర్చి గురువు. వర్జీనియా లారెన్స్ కాదు. చెస్టర్ పాత జవాబును కొట్టేశాడు గాని కొత్త జవాబు చూపలేకపోయాడు.

ఆ పని మసాచుసెట్స్‌లోని సేలం ఊరివాడైన హెన్రీ ఫిట్జ్‌గిల్బర్ట్ వాటర్స్‌ది. ఆయన వంశచిహ్నాల జోలికి పోకుండా లండన్‌లో ఏళ్ల తరబడి వీలునామాలు, ఆస్తి అప్పగింత కాగితాలు చదివాడు. 1889లో ప్రకటించిన ఆయన వాదనకు కేంద్రం హెర్ట్‌ఫర్డ్‌షైర్‌లోని ట్రింగ్ అనే చిన్న ఊరు. అక్కడ ఆంఫిలిస్ వాషింగ్టన్ అనే వితంతువు వీలునామా రాయకుండా 1655లో చనిపోతే, ఆమె ఆస్తి నిర్వహణ పెద్దకొడుకు జాన్‌కు అప్పగించారు. ఆ కాగితంపై 1655 ఫిబ్రవరి అని ఉంటుంది. మన లెక్కలో అది 1656. మనకు ఉగాదితో ఏడాది మారినట్లే, 1752 దాకా ఇంగ్లండులో అధికారిక సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. ఈ చిన్న సంగతి మరిచిపోయి తల్లిదండ్రుల పెళ్లికంటే ముందే బిడ్డను పుట్టించిన వంశవృక్షాలు నేను చూశాను.

ట్రింగ్ చర్చి రిజిస్టరులో 1635లో లారెన్స్ అనే పిల్లవాడి బాప్తిస్మం నమోదైంది. లూటన్‌కు చెందిన లారెన్స్ వాషింగ్టన్ వర్జీనియాలో మరణించాడని 1677 నాటి మరో కాగితం చెబుతుంది. వర్జీనియాలో జాన్ రాసిన వీలునామా చూస్తే, ఇంగ్లండు నుంచి రావలసిన చెల్లెలు మార్తా పేరు అందులో ఉంది. ఈ పోగులన్నీ కలిసేది ఆంఫిలిస్ భర్త దగ్గర. ఎసెక్స్‌లోని పర్లీలో గురువుగా ఉండి, అంతర్యుద్ధ కాలంలో రాజు పక్షం వహించినందుకు, సారాయి కొట్ల చుట్టూ తిరుగుతాడన్న అభియోగంతో 1643లో పార్లమెంటు వారు వెళ్లగొట్టిన లారెన్స్ ఆయన. హెర్డ్ వర్జీనియాకు పంపించిన సల్‌గ్రేవ్ లారెన్స్ కూడా ఆయనే. హెర్డ్‌కు ఇల్లు సరిగానే దొరికింది, తరం తప్పింది. ఆయన వలస వెళ్లినవాడు కాదు, వెళ్లినవారి తండ్రి.

తండ్రి ఉద్యోగం పోయి, తల్లి చనిపోయిన జాన్ ‘సీ హార్స్’ అనే ఓడలో మేట్‌గా, అంటే కెప్టెన్ కింది అధికారిగా చేరి వర్జీనియా చేరుకున్నాడు. 1657లో ఆ ఓడ పొటోమాక్ నదిలో నేలకు తగిలి ఇరుక్కుపోయింది. ఆయన అక్కడే ఉండిపోయి ఆన్ పోప్‌ను పెళ్లాడాడు, మామ 700 ఎకరాలు ఇచ్చాడు. సల్‌గ్రేవ్ నుంచి ఇంకా వెనక్కి వెళితే 12వ శతాబ్దపు డరమ్ ప్రాంతంలోని ఒక ఊరు వస్తుంది. ఆ ఊరి పేరే వారి ఇంటిపేరయింది, మనలో ఎందరికో ఊరి పేరే ఇంటిపేరైనట్లు.

ఈ కాగితాలేవీ చెప్పని పేరు మరొకటి ఉంది. 1675లో జాన్ నాయకత్వం వహించిన వర్జీనియా దళం, మేరీలాండ్ దళంతో కలిసి సస్క్వెహనాక్ అనే ఆదివాసీ ప్రజల కోటను ముట్టడించింది. మాట్లాడుకోవడానికి బయటికి వచ్చిన వారి నాయకులను చంపేశారు. ఊళ్లను కబళించేవాడు అనే అర్థం వచ్చే ‘కానొటోకేరియస్’ అనే పేరు మొదట జాన్‌కే వచ్చిందంటారు. మునిమనవడు జార్జి 1755 నాటి ఉత్తరంలో తనను తాను ఆ పేరుతోనే చెప్పుకున్నాడు. 1779లో ఆయన పంపిన సైన్యం ఇరొక్వాయి ఆదివాసుల ఊళ్లను తగలబెట్టింది. తన పూర్వికుల కౌంటీ గుర్తులేదని హెర్డ్‌కు రాయడానికి సుమారు ఏడాదిన్నర ముందు, 1790 డిసెంబరులో, ఇరొక్వాయిలలోని సెనెకా తెగ నాయకుడు కార్న్‌ప్లాంటర్ ఫిలడెల్ఫియాలో ఆయనకు ఆ పేరు గుర్తుచేశాడు: అది వినబడితే ఈనాటికీ మా ఆడవాళ్లు వెనక్కి తిరిగి చూసి పాలిపోతారని, పిల్లలు తల్లుల మెడలను గట్టిగా పట్టుకుంటారని.