చీకట్లో తడబడే పిల్లల్ని తిట్టకండి
(హన్మకొండలో టీచర్లు, ఆశా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ శనార్తులు. ములుగు, నర్సంపేట వైపు నుంచి పొద్దున్నే బస్సెక్కి వచ్చిన ఆశా అక్కలకు, సెలవు రోజు పని మానుకుని వచ్చిన తోటి టీచర్లకు ప్రత్యేకంగా నమస్కారాలు.

ఇందాక స్టేజీ ఎక్కేటప్పుడు నా మోచెయ్యి పట్టుకుని నడిపించిన అమ్మాయి మా బడి విద్యార్థిని. "నాలుగు మెట్లున్నయి సార్" అని ముందే చెప్పింది. ఇప్పుడేమో ఈ కాగితం మీద రాసుకున్నది నేనే చదువుకుంటున్నాను. చదవగలిగినవాడికి మెట్లు కనబడకపోవడమేందని మీలో కొందరికి అనుమానం వచ్చి ఉంటుంది. ఆ అనుమానంతో నా జీవితమంతా గడిచింది. అందుకే అక్కడి నుంచే మొదలుపెడతాను.

మాది పరకాల దగ్గర ఊరు. ఆరేడేళ్లప్పుడు సద్దుల బతుకమ్మ రోజు చెరువు కట్ట మీద నుంచి ఇంటికి వస్తుంటే, నేను అవ్వ, అంటే మా అమ్మ, కొంగు వదిలేవాణ్ణి కాదు. నా ఈడు పిల్లలు ముందు ఉరుకుతుంటే నేను పిరికోణ్ణని పేరు పడింది. ఇంకొంచెం పెద్దయ్యాక, రాత్రి కరెంటు వచ్చినప్పుడు మోటరు పెట్టి రమ్మని బాపు పంపేవాడు. ఒడ్డు కనబడక మడిలో పడేవాణ్ణి. బట్టలన్నీ బురదతో ఇంటికి వస్తే, పని తప్పించుకోవడానికే పడుతున్నానని బాపు కొట్టేవాడు. ఆయన చెడ్డవాడు కాదు. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం మిరప చేనులో ఏ చెట్టుకు తెగులుందో చూసి చెప్పే కొడుకు, రాత్రి పదడుగుల దూరంలోని గట్టును చూడలేడంటే ఏ తండ్రికైనా నమ్మబుద్ధి కాదు.

రెండు చోట్ల డాక్టర్లకు చూపించారు. గోడ మీది అక్షరాలు చివరి వరుస దాకా చదివాను. కళ్లు బాగున్నాయన్నారు. పందొమ్మిదో ఏట ఒక డాక్టరమ్మ కంట్లో చుక్కలు వేసి, కంటిపాప పెద్దదయ్యేదాకా కూర్చోబెట్టి, లోపల లైటుతో చూసింది. చాలాసేపు చూసింది. తర్వాత నా పేరు కూడా అడగకుండా బాపును అడిగింది, "మీది మేనరికమా?" అని. అవును, అవ్వ బాపుకు మేనత్త కూతురు. ఆ రోజే మొదటిసారి రెటినైటిస్ పిగ్మెంటోసా అనే మాట విన్నాను. ఇప్పుడు అందరూ ఆర్‌పీ అంటున్నారు.

కంటి వెనక ఉండే తెర రెటీనా. అందులో వెలుగును పట్టే కణాలు రెండు రకాలు. రాడ్లు సుమారు 12 కోట్లు, కోన్లు 60 లక్షల దాకా. మసక వెలుతురులో చూడడం, పక్కల నుంచి వచ్చేది కనిపెట్టడం రాడ్ల పని. అక్షరాలు, రంగులు, ముఖాలు కోన్ల పని. ఆర్‌పీలో చాలావరకు ముందు రాడ్లు చనిపోతాయి. అందుకే మొదట రేచీకటి, తర్వాత పక్కచూపు పోవడం. రాడ్లు పోయాక వాటి ఆసరాతో బతికే కోన్లు కూడా మెల్లగా రాలిపోతాయి. ఇదంతా ఒక ఏడాదిలో కాదు, పదులకొద్దీ ఏళ్లలో జరుగుతుంది. ఇప్పుడు నాకు ఎదుటి మనిషి ముఖం కనిపిస్తుంది, ఆయన చాపిన చెయ్యి కనిపించదు. షేక్‌హ్యాండ్ ఇవ్వలేదని నాకు పొగరనుకున్నవాళ్లున్నారు. పేపరు చదివి లేచి, కాళ్ల దగ్గరి బకెట్టు తన్నుకుంటే నటిస్తున్నాననుకున్నవాళ్లున్నారు.

కంటి లోపలికి చూసే పరికరాన్ని జర్మనీలో హెల్మ్‌హోల్ట్జ్ 1851లో కనిపెట్టాడు. కొన్నేళ్లకే, 1857లో, డోండర్స్ అనే డచ్చి వైద్యుడు ఈ జబ్బుకు ఈ పేరు పెట్టాడు. ఆ పేరులోని 'ఐటిస్' వింటే వాపు జబ్బు అనిపిస్తుంది. నిజానికి మూలం వాపులో లేదు, జన్యువులో ఉంది. అలాంటి ఒక జన్యు లోపాన్ని మొదటిసారి 1990లో రొడాప్సిన్ అనే ప్రోటీన్ జన్యువులో పట్టుకున్నారు. ఇప్పుడు లెక్కలోకి వచ్చిన జన్యువులు 80 దాటాయి. ప్రపంచంలో సుమారు నాలుగు వేల మందిలో ఒకరికి ఉంటుందని అంచనా. మీ మండలం జనాభాతో లెక్క వేసుకోండి.

ఇక ఇంటిల్లిపాదీ అడిగే ప్రశ్న, ఎవరి వల్ల వచ్చింది అని. అవ్వ తన చివరి రోజుల దాకా ఆ మాట పడింది. మా నాయనమ్మ అయితే "నీ కడుపు మంచిది కాదు" అనేది. నాకున్న రకంలో తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి, రెండు లోపాలు కలిస్తేనే జబ్బు. ఇద్దరికీ కళ్లు బాగానే ఉంటాయి, ఇద్దరిలోనూ లోపం దాగి ఉంటుంది. బాపు వాటా ఎంతో అవ్వ వాటా అంతే. ఈ లెక్క తెలిసేనాటికి అవ్వ లేదు. మీరు వెళ్లే ఇళ్లలో ఇలాంటి నింద వినిపిస్తే, అక్కల్లారా, అక్కడ ఆగి ఈ ఒక్క మాట చెప్పండి.

అలాంటి దంపతులకు ప్రతి కాన్పులో నాలుగో వంతు అవకాశం ఉంటుంది. ముగ్గురు పిల్లలు బాగుంటే నాలుగో బిడ్డకు తప్పదని కాదు, మొదటి బిడ్డకు వచ్చింది కాబట్టి మిగతావాళ్లకు రాదనీ కాదు. ప్రతిసారీ కొత్త చీటీయే. మేనరికంలో ఒకే తాత ముత్తాతల నుంచి ఒకే లోపం ఇద్దరికీ దిగి ఉండే అవకాశం ఎక్కువ, అందుకే డాక్టరమ్మ ఆ ప్రశ్న అడిగింది. మేనరికం లేని ఇళ్లలోనూ వస్తుంది. తల్లో తండ్రో ఒక్కరి నుంచే దిగే రకం ఉంది. తల్లిలో దాగి ఎక్కువగా కొడుకుల్లో బయటపడే రకమూ ఉంది. నాలాంటివాళ్ల పెళ్లి మాటొచ్చినప్పుడు భయపడేవాళ్లకు ఇంకొక సంగతి. అవతలి మనిషిలో అదే జన్యువులో లోపం లేకపోతే, నా రకం జబ్బు మా పిల్లలకు రాదు, లోపం మోసేవాళ్లు మాత్రం అవుతారు. నాకు ఇద్దరు కూతుళ్లు. ఇద్దరూ చీకట్లో నన్ను నడిపిస్తారు.

మందు ఉందా? ఈ ప్రశ్నకు చాలా డబ్బు పోగొట్టుకున్నాం. రెండెకరాల్లో అరెకరం అమ్మి ఎక్కడెక్కడో చుక్కలు, పొడులు, సూదులు వేయించాడు బాపు. పోయిన రాడ్లను తిరిగి మొలిపించే మందు ఇప్పటికీ లేదు. ఆర్‌పీఈ65 అనే ఒకే ఒక్క జన్యువులో లోపం ఉన్నవాళ్లకు అమెరికాలో 2017 డిసెంబరులో జన్యు చికిత్సకు అనుమతి వచ్చింది. అప్పట్లో పెట్టిన ధర రెండు కళ్లకూ కలిపి ఎనిమిదిన్నర లక్షల డాలర్లు. కానీ దాని వల్ల ఒక తలుపు తెరుచుకుంది, అందుకే ఏ జన్యువో తెలుసుకునే పరీక్ష వీలైతే చేయించుకోవాలంటాను. స్టెమ్ సెల్స్, అంటే మూలకణాలు, ఎక్కిస్తే చూపు వస్తుందని ఎవరైనా డబ్బు అడిగితే మాత్రం లేచి వచ్చేయండి. ఫ్లోరిడాలో ఇంకో రెటీనా జబ్బు ఉన్న ముగ్గురు స్త్రీలు ఒక క్లినిక్‌లో అలాంటి సూదులు వేయించుకుని ఉన్న చూపూ పోగొట్టుకున్న సంగతి 2017లో వైద్య పత్రికలో వచ్చింది.

విటమిన్ ఏ లోపంతో వచ్చే రేచీకటి వేరు. అది విటమిన్ ఇస్తే తగ్గుతుంది, అందుకే పిల్లలకు ఆ చుక్కలు తప్పకుండా వేయించాలి. వేసినా తగ్గకపోతే కంటి లోపల చూపించాలి. ఎక్కువ మోతాదు మాత్రలు సొంతంగా మింగితే కాలేయానికి చెరుపు, గర్భిణులకు మరీ ప్రమాదం. ఆర్‌పీ ఉన్నవాళ్లలో చాలామందికి శుక్లం త్వరగా వస్తుంది, కొందరికి నడిమి చూపునిచ్చే రెటీనా భాగంలో నీరు చేరుతుంది. ఈ రెంటికీ చికిత్స ఉంది. కాబట్టి "మందు లేదన్నారు కదా" అని డాక్టర్ దగ్గరికి పోవడం మానొద్దు. పిల్లకు చెవులు కూడా సరిగా వినబడకపోతే ఆ మాట డాక్టరుకు తప్పకుండా చెప్పండి. అషర్ సిండ్రోమ్‌లో రెండూ కలిసి వస్తాయి.

వైకల్య సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపుకు నేను మొదటిసారి వెళ్లినప్పుడు అక్షరాలు చదివించి, చూపు బాగుందని వెనక్కి పంపారు. వికలాంగుల హక్కుల 2016 చట్టం అక్షరాలను మాత్రమే చూడదు. చూపు విస్తీర్ణం, అంటే సూటిగా చూస్తూనే చుట్టూ కనబడే మేర, 40 డిగ్రీల కంటే తగ్గితే అల్పదృష్టి, 10 కంటే తగ్గితే అంధత్వం. ఆ విస్తీర్ణం కొలిచే ఫీల్డ్ టెస్ట్ కాగితం చేతిలో పెట్టుకుని రెండోసారి పోయాను. మీ ఊరి నుంచి ఎవరైనా వెళ్తుంటే ఆ కాగితం ఉందో లేదో చూసి పంపండి. పరీక్షల్లో సహాయకుణ్ణి ఇప్పించుకోవడానికైనా, ఉద్యోగానికైనా మొదలు అదే.

తెల్ల కర్ర పట్టుకోవడానికి నేను పదకొండేళ్లు సిగ్గుపడ్డాను. ఆ పదకొండేళ్లలో రెండుసార్లు కాలు విరిగింది. కర్రతో నడక, ఫోను చదివి వినిపించే టాక్‌బ్యాక్, కంప్యూటర్ తెరను అలాగే చదివి వినిపించే, ఉచితంగా దొరికే ఎన్‌వీడీఏ, ఇవన్నీ చూపు కొంత ఉన్నప్పుడే నేర్చుకుంటే సులభం. క్లాసులో అలాంటి పిల్లను బోర్డుకు సూటిగా కూర్చోబెట్టండి, నడిచే దారిలో బ్యాగులు తీయించండి, మెట్ల అంచులకు పసుపు గీత వేయించండి. ఒక డబ్బా పెయింటు చాలు.

ఎలా గుర్తుపట్టాలన్నది మిగిలింది. ఎండలోంచి గదిలోకి వచ్చి గుమ్మం దగ్గరే నిలబడిపోయే పిల్ల. తలుపు చెక్కకు భుజం తగిలించుకునే పిల్లాడు. ఎదురుగా వేసిన బంతి పట్టి, పక్క నుంచి వేసింది వదిలేసేవాడు. పొద్దు గూకితే ఆట మానేసేవాడు.

ఇంకొకటి ఇక్కడే చేసి చూద్దాం. పక్కవాళ్ల వైపు తిరిగి, మోకాళ్లకు మోకాళ్లు తగిలేటంత దగ్గరగా కూర్చోండి. ఎదుటివాళ్లు ఒక కన్ను మూసుకుని మీ ముక్కునే చూడాలి. మీరు చెయ్యి పక్కకు పూర్తిగా చాపి, వేళ్లు ఆడిస్తూ మెల్లగా లోపలికి తీసుకురండి. ఎక్కడ కనబడిందో వాళ్లు చెప్పాలి. తర్వాత రెండో కన్ను. మొదటి వరుసలో అక్కా, మీరు ఇట్లా పైకి రండి, ముందు నాతో చేయండి. నాకు మీ వేళ్లు ఎక్కడ కనబడతాయో అందరూ చూడాలి.